మహేశ్ మూడోసారి సాఫ్ట్‌వేరు మార్చిన కారణం

రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లుండగా, జూన్ మొదటి వారంలో, సూరత్‌లోని ఖటోదరాలో ఒక రికార్డింగ్ స్టూడియోలో చీఫ్ రికార్డిస్టుగా చేరాను. దీన్ని బదిలీ అనవచ్చు గానీ, ఆ బదిలీ నాది కాదు. నా భార్య వసుంధర బ్యాంకు ఉద్యోగి. ఆమెను సూరత్‌కు వేశారు. హైదరాబాదు రికార్డింగ్ థియేటర్లలో పాతికేళ్లు పనిచేసిన నేను ఆమె సామానుతో పాటు వెళ్లాను. ఆల్థాన్‌లో ఇల్లు తీసుకున్నాం. రెండు వారాలు కూరగాయలు తెచ్చాను, మూడో వారం ఉద్యోగం వెతుక్కున్నాను.

చీఫ్ అనే మాట వినడానికి బాగుంటుంది. మా స్టూడియోలో ఇంకో రికార్డిస్టు వారానికి మూడు రోజులు వచ్చేవాడు. ఆ మూడు రోజులూ నేను చీఫ్‌ని. మిగతా రోజుల్లో నాకు నేనే చీఫ్‌ని.

స్టూడియో మూడో అంతస్తులో ఉండేది. కింద రెండంతస్తులూ మరమగ్గాలే. యజమాని జిగ్నేశ్‌భాయ్ గోడలకు దూది పలకలు కొట్టించి, నేల కింద రబ్బరు పరిపించాడు. అయినా మగ్గాల అదురు నేలలోంచి సన్నగా పాకి మైకు స్టాండు ఎక్కేది. దాన్ని ఫిల్టరుతో తీసేస్తే, దానితోపాటు పాడేవారి గొంతులోని బరువు కూడా పోయేది. అందుకని ముఖ్యమైన గాత్రాలన్నీ ఆ వాడ మగ్గాలకు సెలవుండే రోజున పెట్టుకునేవాళ్లం. అలాంటి రోజు వారానికి ఒక్కటే.

రికార్డింగ్ సాఫ్ట్‌వేరు అంటే ఏమిటో తెలియని పాఠకులకు రెండు మాటలు. నేను ఈ వృత్తిలోకి వచ్చినప్పుడు టేపు ఒకచోట, మిక్సింగు బల్ల ఒకచోట, టేపు కోసి అతికించే బ్లేడు ఒకచోట ఉండేవి. ఇప్పుడు ఆ మూడూ కంప్యూటరు తెర మీదికి వచ్చాయి. గొంతు ఒక గీత మీద, డప్పు ఇంకో గీత మీద రికార్డవుతాయి. ఆ గీతల్ని ట్రాకులంటాం. వాటిని కోయవచ్చు, జరపవచ్చు, పొడవు పెంచవచ్చు. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లు బజారులో చాలా ఉన్నాయి. వాటి పేర్లు ఇక్కడ రాయను. రాస్తే ఈ వ్యాసం చదివే సంగీతకారుల్లో సగంమంది చదవడం ఆపి వాదనకు దిగుతారు. మా స్టూడియోలో ఉన్నదాన్ని పాతది అంటాను, తర్వాత మీకు పరిచయమయ్యే మహేశ్ తెచ్చినదాన్ని కొత్తది అంటాను.

సంగీతకారులు సాఫ్ట్‌వేరు మార్చేటంత తరచుగా చొక్కాలు కూడా మార్చరని నాకు చాలాకాలంగా అనుమానం. అడిగితే అందరూ ఒకటే కారణం చెబుతారు, "ఇందులో సౌండు బాగుంటుంది" అని. కాస్త ఓపిగ్గా టీ తాగిస్తే అసలు సంగతి బయటికి వస్తుంది. ఒక కీబోర్డు వాద్యకారుడు తన శిష్యుడు వేరేది వాడుతున్నాడని తెలిసి మార్చాడు. ఒక గజల్ గాయకుడికి పాతదాని తెర రంగు కళ్లకు పడలేదు. గర్బా బృందం నడిపే ఒకాయన దొంగ కాపీ వాడేవాడు, అది నవరాత్రి ముందు మొరాయించింది. ఆయన కూడా సౌండు గురించే మాట్లాడాడు. కొత్తదాంట్లో బాస్ "మఖ్ఖన్ జైసా" ఉందన్నాడు. నేను కాదనలేదు. వెన్న రుచి ఎవరి నాలుకకు వారిదే.

మహేశ్‌కు అప్పట్లో ముప్ఫై రెండేళ్లు ఉంటాయి. తండ్రి సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మగ్గం కార్మికుడు. మహేశ్ పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే, ఉండేది తాపీ నది అవతల అమ్రోలిలో. కీబోర్డు వాయిస్తాడు, పాటలకు వాద్యాలు కూరుస్తాడు. ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి, హిందీలో మలుపు తిప్పి, గుజరాతీలో ముగిస్తాడు. నాకు పరిచయమైన రెండేళ్లలో అప్పటికే రెండుసార్లు సాఫ్ట్‌వేరు మార్చాడు.

ఒకరోజు అతను నర్సవ్వ అనే పెద్దావిడను వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ల పక్కింటావిడ, అరవై దాటిన మనిషి, చీరలకు అద్దాలూ పూసలూ కుట్టే పని చేస్తుంది. మహేశ్ ఆమెను పెద్దవ్వ అంటాడు. అమ్రోలిలోని మన ఆడవాళ్లు బతుకమ్మ ఆడేటప్పుడు ముందు పాడేది ఆమే. తల్లి దగ్గర నేర్చుకున్న పాటలు, ఎక్కడా రాసి లేనివి, ఏడెనిమిది ఆమె ఒక్కదానికే పూర్తిగా వచ్చు.

తొందర ఎందుకో ఆమే చెప్పింది. "గొంతు కాడ గడ్డయింది సారూ. పదహారు రోజులకు ఆపరేషనన్నరు. గడ్డ తీస్తె పానానికి భయం లేదట గని, గొంతు మారితె మారొచ్చన్నడు డాక్టరు. పోరగాడు గీ లోపల పాడిపిస్తనంటున్నడు."

థైరాయిడ్ ఆపరేషన్. గొంతు తీగలకు వెళ్లే నరాలు ఆ గ్రంథిని ఆనుకునే ఉంటాయి. పదహారు రోజుల్లో మగ్గాలు ఆగే రోజులు రెండు. జిగ్నేశ్‌భాయ్ ఆ రెండు రోజులూ మా పేర రాసేశాడు.

మహేశ్ అక్కడే, ఈ పాటలు కొత్త సాఫ్ట్‌వేరులో చేద్దామన్నాడు. ఎందుకని అడిగాను. "సార్, పాత దాంట్ల పెద్దవ్వ గొంతు సచ్చిపోయినట్టు వినిపిస్తది. కొత్త దాంట్ల జాన్ ఉంటది," అన్నాడు.

ఇక్కడ నా తప్పు మొదలైంది. ఈ మాట అబద్ధమని నిరూపించే పరీక్ష ఒకటి మా వృత్తిలో ఉంది. ఒకే రికార్డింగును రెండు సాఫ్ట్‌వేర్లలోనూ పెట్టి, లెవెళ్లు సమానంగా ఉంచి, ఏ మెరుగులూ దిద్దకుండా రెండు ఫైళ్లు తీస్తాం. ఒకదాని తరంగాన్ని తలకిందులు చేసి రెండింటినీ కలిపి వినిపిస్తాం. రెండూ ఒకటే అయితే, తలుపును ఇద్దరు చెరోవైపు నుంచి ఒకే బలంతో నెట్టినట్టు, ఏమీ కదలదు. నిశ్శబ్దం వస్తుంది. ఏ చిన్న తేడా ఉన్నా ఆ తేడా మాత్రమే వినిపిస్తుంది.

ఈ పరీక్ష మహేశ్, నేను ఇద్దరమే ఉన్నప్పుడు చేసి ఉండాల్సింది. అలా చేయలేదు. జిగ్నేశ్‌భాయ్‌ని పిలిచాను, పక్క గదిలో తబలా శ్రుతి చేసుకుంటున్న ఆయన్నీ పిలిచాను. మహేశ్ తన ఇంట్లో తీసిన పెద్దవ్వ పాట ముక్క ఒకటి తీసుకుని రెండింటిలోనూ పెట్టి, కలిపి, స్పీకర్ల శబ్దం పూర్తిగా పెంచాను. ఏమీ వినిపించలేదు. మహేశ్ ముందుకు వంగి చెవి పెట్టాడు. తబలా ఆయన చాలా గంభీరంగా, "వాహ్, క్యా జాన్ హై," అన్నాడు. అందరం నవ్వాం. మహేశ్ కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు పైపైనే ఉంది. "ఠీక్ హై సార్, మీరు ఎట్లంటె అట్లనే," అన్నాడు.

ఏ సెషన్ ఏ సాఫ్ట్‌వేరులో జరగాలో నిర్ణయించే అధికారం చీఫ్ రికార్డిస్టుది. పాతదాంట్లోనే అని షీటు మీద రాసి సంతకం పెట్టాను. నర్సవ్వ ఈ తతంగమంతా కుర్చీలో కూర్చుని చూసింది. "ఏమొచ్చింది బిడ్డా గండ్ల?" అని మహేశ్‌ను అడిగింది. ఏమీ రాలేదని చెప్పాడు. "ఏం రాకుంటె గంత సేపెందుకు విన్నరు?" అంది.

మొదటి సెలవు రోజు వచ్చింది. పద్ధతి ప్రకారం ముందు టెంపో, అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలో, నిర్ణయించుకుంటాం. కంప్యూటరు ఆ లెక్కన టిక్కు టిక్కుమంటూ హెడ్‌ఫోన్లలో కొడుతుంది. దాన్ని క్లిక్ అంటాం. గాయకులు దానికి కట్టుబడి పాడితే తర్వాత డప్పు, కీబోర్డు, కోరస్ అన్నీ తెర మీది గళ్లలో చక్కగా కూర్చుంటాయి. మహేశ్ పెద్దవ్వ చేత రెండు పంక్తులు పాడించుకుని ఒక అంకె కొట్టాడు. నేను మైకు సరిచేసి అద్దం వెనక్కి వచ్చాను.

నర్సవ్వ పల్లవి బాగానే ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర, ఆడవాళ్లు వంగి చప్పట్లు కొట్టి అడుగు పక్కకు వేసే చోట, అలవాటుగా కాస్త ఆగింది. క్లిక్ ఆగలేదు. అందుకోవాలని తొందరపడింది, మాట మింగేసింది, మళ్లీ వెనకబడింది. నాలుగో టేకులో హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎవలో చెవుల సుత్తెతోని కొడ్తున్నరు బిడ్డా. నేను పాడాల్నా, వాన్ని సూస్కోవాల్నా?"

క్లిక్ శబ్దం తగ్గించాం, డప్పు శబ్దంగా మార్చాం, ఒక చెవికే ఇచ్చాం. ఆమె మాట వినే మనిషి. సాయంత్రం దాకా పాడుతూనే ఉంది. చివరికి మూడు పాటలు, ముక్కలు ముక్కలుగా, మా దగ్గరికి వచ్చాయి. మహేశ్ ఆ ముక్కల్ని కోసి, జరిపి, గళ్లలో కూర్చి, ఒక పాట అక్కడికక్కడే సిద్ధం చేసి వినిపించాడు. ఎక్కడా తప్పు లేదు. నర్సవ్వ చివరిదాకా విని, కొంగుతో ముఖం తుడుచుకుని, కొంచెం మొహమాటంగా అంది.

"మంచిగనే ఉన్నది సారూ. గని నేను పాడినట్టు లేదు. నా లెక్కనే పాడేటి ఇంకో ఆమె పాడినట్టుంది."

ఆ మూడు పాటలూ చెరిపేశాం. ఒక రోజు పోయింది. ఆపరేషన్‌కు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. మహేశ్ వైర్లు చుట్టి సంచిలో పెట్టుకుని, ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని వెళ్లిపోయాడు. మరునాడు ఫోన్ చేస్తే తీయలేదు. ఆ తర్వాతి రోజూ తీయలేదు.

ఇంట్లో వసుంధరకు జరిగింది చెప్పాను. పరీక్ష సంగతి మాత్రం కొంచెం గర్వంగానే చెప్పానేమో. ఆమె వంకాయలు తరుగుతూ విని, "మీరు ఆ పాత స్కూటరు అమ్మేసి గేర్లు లేనిది కొన్నప్పుడు నాకేం కారణం చెప్పారు?" అని అడిగింది.

మైలేజీ అని చెప్పానన్నాను.

"మైలేజీ ఇంకా తగ్గింది. మీరు కిక్కు కొట్టలేక మార్చారు. మోకాలు నొప్పి అని చెప్పుకోవడానికి నామోషీ. నేను అప్పుడు నలుగురిని పిలిచి మైలేజీ కొలిచి చూపించానా?"

మరునాడు సాయంత్రం ఆ గేర్లు లేని స్కూటరు మీదే నది దాటి అమ్రోలికి వెళ్లాను.

మహేశ్ ఇంట్లోనే ఉన్నాడు. ముందు గదిలో మంచం, కీబోర్డు, లాప్‌టాప్. మంచినీళ్లిచ్చి మర్యాదగా కూర్చోబెట్టాడు. అందరి ముందూ అలా చేయకుండా ఉండాల్సిందని చెప్పాను. అతను తల ఊపి, "మీ టెస్టు సహీ ఉంది సార్. నాగ్గూడ తెలుసు, సౌండు ఒక్కటేనని," అన్నాడు. మరి ఎందుకు మార్చావని అడగబోయి మానుకున్నాను. పెద్దవ్వ పాట ఇంట్లో ఎలా తీశావో మొదటినుంచి చేసి చూపించమన్నాను.

కొత్త సాఫ్ట్‌వేరు తెరిచాడు. ఖాళీ తెర, దాని మీద ఒక గీత, ఒక ఎర్ర బొత్తాం. గళ్లు లేవు. బొత్తాం నొక్కితే రికార్డవుతుంది, అంతే. తర్వాత పాతది తెరిచాడు. అది ముందుగా ఒక చిన్న పెట్టె చూపించింది. అందులో టెంపో ఎంత, తాళం ఏమిటి అని రెండు ఖాళీలు ఉన్నాయి. వాటిని నింపితేనే లోపలికి రానిస్తుంది. ఇరవై ఏళ్లుగా నేను ఆ పెట్టెను చూస్తున్నాను. అందులో ఏదో ఒక అంకె కొట్టి ఎంటర్ నొక్కడం నా చేతికి ఎంత అలవాటైందంటే, అది ఒక ప్రశ్న అని కూడా మరిచిపోయాను.

మహేశ్ ఆ పెట్టె మీద వేలు పెట్టాడు. "గిది నన్ను అడుగుతది సార్, టెంపో ఎంత అని. పెద్దవ్వ పాటకు టెంపో ఎంతో నాకు ఎర్క లేదు. పెద్దవ్వకే ఎర్క లేదు. గని ఏదో ఒకటి కొట్టాలె గదా, కొడ్త. ఇగ ఆడికెళ్లి పాట దాని వెనకనే ఉరుకుతది. గీ కొత్తది ఏం అడగదు. ఆమె పాడుతది, నేను తర్వాత ఆమె వెనక పోత."

ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదన్నాను. అతను కాస్త సిగ్గుపడ్డాడు. "ఎట్ల చెప్పాలె సార్? సౌండు బాగుంటది అంటె మ్యూజీషియన్ అంటరు. ఆ డబ్బా చూస్తె నాకు గాబ్రా అయితది అంటె, వీనికి పని రాదంటరు."

వృత్తిపరంగా న్యాయం చేయాలంటే ఇక్కడ ఒక విషయం చెప్పాలి. పాత సాఫ్ట్‌వేరులోనూ క్లిక్ ఆపేసి, గళ్లు తీసేసి, గాత్రం రికార్డయ్యాక దాని నడకను బట్టి టెంపో గీసుకునే వీలుంది. నాలుగో మెనూలో, అయిదో వరుసలో ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు నాకు తట్టలేదు. ఎదురుగా కనబడని సౌకర్యం పని మధ్యలో లేనట్టే లెక్క.

ఇంతలో నర్సవ్వ పక్కింటి గడపలోంచి తొంగిచూసి, "సారు మల్ల సుత్తె తెచ్చిండా?" అని అడిగింది. తేలేదని చెప్పాను.

రెండో సెలవు రోజున కొత్త సాఫ్ట్‌వేరులోనే చేస్తామని షీటు మీద రాశాను. అమ్రోలి నుంచి ఇంకో నలుగురు ఆడవాళ్లను కూడా రమ్మన్నాం. మధ్యలో రెండు స్టీలు బిందెలు బోర్లించి, వాటినే బతుకమ్మ అనుకోమని చెప్పాను. వాళ్లు నన్ను కొంచెం జాలిగా చూశారు గానీ చుట్టూ నిలబడ్డారు. నర్సవ్వ దగ్గర ఒక మైకు, చప్పట్లకు పైన ఇంకో రెండు. హెడ్‌ఫోన్లు ఎవరికీ లేవు.

ఇబ్బంది అంతా నాకే వచ్చింది. కొత్తదాంట్లో మీటలు వేరు. మొదటి పాట మధ్యలో, అలవాటు కొద్దీ పాతదాంట్లో లెవెలు చూపించే మీట నొక్కాను. కొత్తదాంట్లో అది రికార్డింగును ఆపేస్తుంది. లోపల ఆడవాళ్లు తిరుగుతూనే ఉన్నారు, వాళ్లకు తెలియదు. మహేశ్ చెయ్యి చాపి మళ్లీ ఎర్ర బొత్తాం నొక్కాడు. రెండు పంక్తులు పోయాయి. నా కుర్చీ వైపు చూశాడు. లేచి అతనికి ఇచ్చాను. మిగతా రోజంతా చీఫ్ రికార్డిస్టు పక్కన స్టూలు మీద కూర్చుని షీటు నింపాడు. ఆ మొదటి పాట అయ్యాక దాన్ని మళ్లీ మొదటినుంచి పాడించాం.

నర్సవ్వ ఎక్కడ కావాలంటే అక్కడ ఆగింది. అడుగు మార్చే చోట పాట కూడా ఊపిరి పీల్చుకుని కదిలింది. చరణం చరణానికీ నడక కొద్దికొద్దిగా పెరిగింది, ఆఖర్న మళ్లీ మెల్లగా దిగింది. ఆ దిగడంలో అయిదుగురి చప్పట్లూ ఒక్కటిగానే పడ్డాయి. ఏ అంకె కొట్టినా అది దొరికేది కాదు. సాయంత్రానికి ఆరు పాటలు పూర్తయ్యాయి. ఏడోది సగంలో ఆమె గొంతు మీద చెయ్యి పెట్టుకుని, "ఇగ వద్దు బిడ్డా, నొస్తున్నది," అంది. మహేశ్ వెంటనే ఆపేశాడు. ఏడో పాట అలా సగమే ఉంది. ఎనిమిదోది మొదలు కూడా పెట్టలేదు.

ఆ సాయంత్రం మొదటి పాట వినిపించాం. ఆమె కళ్లు మూసుకుని వింది. అయిపోయాక ఏం చెబుతుందా అని మహేశ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మా అవ్వ ఇంకా జర మెల్లగ పాడేది," అంది.

ఆపరేషన్ అనుకున్న రోజునే జరిగింది. గడ్డ ప్రమాదం లేనిదేనన్నారు. మాట నెల రోజుల్లో తిరిగి వచ్చింది, కానీ పై స్థాయి రాలేదు. ఇప్పుడు ఆమె గొంతు బరువుగా, కిందగా ఉంటుంది. "మొగోని గొంతయింది సారూ, ఇంట్ల అందరు భయపడ్తున్నరు," అని నాకు ఫోన్‌లో చెప్పింది. ఆ ఏడు బతుకమ్మకు రెండో వరసలో నిలబడి చప్పట్లు కొట్టిందట. ముందు పాడింది ఆ నలుగురిలో ఒకావిడ. ఆమె ఆరు పాటలూ రికార్డింగు విని నేర్చుకుంది. ఏడో పాటలో మిగతా సగం నర్సవ్వ మాటల్లో చెప్పింది గానీ, వరస మాత్రం ఇద్దరికీ కుదరలేదు.

మహేశ్ డప్పూ కీబోర్డూ ఆమె గొంతు వెనక నడిపించుకుంటూ నెలన్నర పనిచేశాడు. ఆ పాటలు నేను విన్న అతని పనిలో మంచివి. తర్వాత ఏడాది తిరగకుండానే ఇంకో సాఫ్ట్‌వేరుకు మారాడు. ఎందుకని నేను అడగకముందే, "దీంట్ల సౌండు ఇంకా మస్తుంటది సార్," అన్నాడు. "అలాగే," అన్నాను.

ఈ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పగలిగింది ఇది. నా పరీక్ష సరైనదే. ఇప్పటికీ ఎవరు చేసినా అదే నిశ్శబ్దం వస్తుంది. అయితే అది సాఫ్ట్‌వేరులోంచి బయటికి వచ్చే శబ్దాన్ని మాత్రమే కొలుస్తుంది, లోపలికి పాట ఎలా వెళుతుందో కొలవదు. సంగీతకారులు మార్చేది ఎక్కువగా ఆ రెండో దాని కోసమే. ఆ మాట వాళ్ల నోట రాదు, ఎందుకంటే అది పనిరానితనంలా వినిపిస్తుంది. ఆ సంఘటన తర్వాత ఖటోదరాలో ఉన్న మిగతా రెండేళ్లూ నేను ఎవరినీ సాఫ్ట్‌వేరు ఎందుకు మారుస్తున్నావని అడగలేదు. ఖాళీ ఫైలు తెరిచి ఒక పాట మొదలుపెట్టి చూపించమనేవాడిని. చెయ్యి ఎక్కడ తడబడుతుందో రెండు నిమిషాల్లో కనిపించేది. దాన్ని సరిచేయడానికి ఒక్కోసారి కొత్త సాఫ్ట్‌వేరు అవసరమయ్యేది, చాలాసార్లు నాలుగో మెనూ సరిపోయేది. పరీక్ష చేయవలసివస్తే తలుపు వేసి చేసేవాడిని.